జంట డిస్కులు – దాదా అబ్బా రోజ్‌నామ్‌చా

గ్రంథాన్ని కాపాడుకొనుటకు మన పెద్దలకు తెలిసిన మార్గం దానికి మరొక ప్రతి వ్రాయించడం. తాటాకు పురుగుపట్టక ముందే లేఖకులు కొత్త తాటాకుపైకి ఎత్తి వ్రాసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి వేరువేరు చోట్ల నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఇక ఇస్లాం సంప్రదాయంలో గ్రంథం కాగితంపైనే గాక మనుష్యుల కంఠాలలోను నిలిచినది. ఖురాన్ సాంతం కంఠస్థం చేసిన హాఫిజ్‌లు మన పట్టణాలలో నేటికీ ఎందరో ఉన్నారు. రంజాన్ మాసంలో తరావీహ్ నమాజు వేళ ముందు నిలిచి పఠించే హాఫిజ్ వెనుక వరుసలో మరొక హాఫిజ్ నిలబడి వింటూ ఉంటారు. ఆయనను సామే అంటారు. పఠించేవారు ఒక్క పదం తడబడినా వెనుకనున్నవారు వెంటనే అందిస్తారు. దానికి లుఖ్మా ఇవ్వడమని పేరు.

ఒకే సమాచారాన్ని రెండు హార్డ్ డిస్కులపై ఏకకాలంలో వ్రాయించే పద్ధతి ఒకటి కలదని, దానిని ఇంటి కంప్యూటరులోనే అమర్చుకోవచ్చునని మొదట విన్నప్పుడు మాకు స్ఫురించినది ఈ సామేయే. పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో అనుభవం మీద తెలిసింది. ఆ సంగతి ముందు చెబుతాము.

మా యింట అంతగా కాపాడుకోదగిన ఆస్తి ఏమున్నదని ఎవరైనా అడుగవచ్చు. మా దాదా అబ్బా ఉర్దూ మాధ్యమ పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. రాత్రి ఇషా నమాజు ముగించుకొని లాంతరు దగ్గర కూర్చుని రోజ్‌నామ్‌చా వ్రాయనిదే వారికి నిద్ర పట్టేది కాదట. 1951 నుండి 1989 వరకు అట్లా వ్రాసిన నోటుపుస్తకాలు నూటికి పైగా పోగుపడినవి. వాన రాకడ, బియ్యం ధర, ఎవరి యింట నికాహ్ జరిగినది, ఏ ముషాయిరాలో ఎవరి గజల్ సభను నిలబెట్టినది – ఇటువంటి విషయాలే అందులో అధికం. కాని మాకు అమూల్యమైనవి ప్రతి పుస్తకంలోని చివరి పుటలు. ఉద్యోగరీత్యా పల్లెలలో తిరిగిన కాలంలో వారు తెలుగు నేర్చుకొంటూ, చెవినబడిన ప్రతి కొత్త మాటను ఉర్దూ లిపిలో వ్రాసి, పక్కన అర్థం పెట్టుకొన్నారు. నాగలి భాగాలు, మగ్గం పనిముట్లు, చేపల పేర్లు, తిట్లు కూడా ఉన్నవి. ఉర్దూ లిపిలో 'ణ'కు గాని, 'ళ'కు గాని అక్షరం లేదు. అందుచేత వారు నూన్ అక్షరంపైన, లామ్ అక్షరంపైన తమకు తోచిన చిన్న గుర్తులు పెట్టుకొన్నారు. ఆ గుర్తులు వారి స్వంతం. 'కళ్ళం' అని వ్రాసి, 'పంట నూర్చే చోటు, ఇక్కడ చెప్పులతో నడువరాదు' అని వారు చేర్చిన వివరణ మేము మరే నిఘంటువులోను చూడలేదు.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదుపై కురిసిన వాన నగరవాసులు మరువగలిగినది కాదు. ఫలక్‌నుమా పరిసరాలలో ఎన్నో ఇళ్లు నీట మునిగినవి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను గురించి పెద్దలు చెప్పగా వినడమే గాని, నీరు గడప దాటి లోపలికి నడచి రావడం మేము అంతకు ముందు చూచి ఎరుగము. నోటుపుస్తకాలలో అధికభాగం క్రింది గదిలోని ఇనుపపెట్టెలో ఉన్నవి. రెండు దినాల తరువాత ఆ పెట్టె తెరిచినప్పుడు కాగితం నానిన రొట్టెవలె చేతికి వచ్చింది. నీలిసిరా అంతా కరిగి పెట్టె అడుగున చేరింది. దాదీమా ఒక్క మాట కూడా అనకుండా, విడివడిన పుటలను డాబాపై పరచి, వాటిపై చిన్న రాళ్లు పెట్టుకొంటూ పోయారు. ఎండిన తరువాత వాటిపై చదువదగినది ఏమీ మిగలలేదు. అటకపై వేరొక మూటలో ఉన్న 41 పుస్తకాలు మాత్రం దక్కినవి. మొదటి పద్నాలుగేళ్లవి, చివరి కాలానివి కొన్ని.

ఆ శీతకాలమంతా మా అన్నదమ్ములు ముగ్గురము వంతులవారీగా ఆ పుస్తకాలను స్కానరుపై పెట్టి ప్రతిబింబాలు తీశాము. ఎదురెదురు పుటలు రెండేసి చొప్పున 3,900కు పైగా చిత్రాలు వచ్చినవి. అంగుళానికి 300 చుక్కల వంతున రంగులతో తీసిన ఒక్కొక్క చిత్రం సుమారు 26 మెగాబైట్లు. అంటే మొత్తం 100 గిగాబైట్లు. వాటికి తోడు పాత క్యాసెట్లు 52. కొన్నింటిలో ముషాయిరాలు, మరి కొన్నింటిలో పెళ్లిళ్లలో మా యింటి స్త్రీలు పాడిన దక్కనీ ఢోలక్ గీతాలు. క్యాసెట్టు ఒక గంట నిడివి గలదైతే, నాణ్యత తగ్గించకుండా కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు 600 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. పెళ్లి వీడియోలు, ఫోటోలు కూడా కలిపితే అంతా 600 గిగాబైట్లకు చేరింది. పెట్టె పోయి ఒక చిన్న డిస్కు వచ్చినదన్న మాట. కాని పెట్టెను నీరు ముంచినట్లే డిస్కును ముంచడానికి దాని లోపలనే కారణాలున్నవి.

హార్డ్ డిస్కు మరమనిషి మెదడు వంటిదని కొందరు అనుకొంటారు. నిజానికి అది గ్రామఫోను పెట్టెకు దగ్గర చుట్టం. లోపల అద్దంవలె మెరిసే పళ్లెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంది. దానిపై అయస్కాంతపు గుర్తులను చదివే ముల్లు పళ్లేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలిపొరపై తేలుతుంది. తలవెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు. తిరిగే ఇరుసు అరిగినా, ముల్లు పళ్లేన్ని గీరినా, విద్యుత్తులో ఉప్పెన వచ్చినా కథ ముగుస్తుంది. ముందుగా చెప్పి పోవాలన్న నియమం దానికి లేదు. 1956లో ఐబీఎం సంస్థ లోకానికి మొదట చూపిన డిస్కుయంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అంతటి యంత్రంలో పట్టినది 50 లక్షల అక్షరాలు. మా దాదా అబ్బా నోటుపుస్తకంలోని ఒక్క చిత్రాన్ని దాచడానికి అటువంటి యంత్రాలు అయిదింటికి మించి కావలసి వస్తుంది. ఈ నాటి డిస్కులో ఎక్కువ పట్టడం నిజమే. అందుచేతనే అది పోతే పోయేది కూడా ఎక్కువ.

జంట డిస్కుల ఆలోచన కొత్తది కాదు. బ్యాంకుల వంటి చోట్ల పెద్ద కంప్యూటరులలో 1970 దశకం నుండే ఒకే లెక్కను రెండు డిస్కులపై వ్రాసే పద్ధతి ఉన్నది. దానికి శాస్త్రీయమైన చర్చను, నేడు అందరి నోట నానే పేరును ఇచ్చినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కట్జ్ అను ముగ్గురు. 1988లో వారు ప్రకటించిన పత్రంలో రైడ్ అను మాట ఉన్నది. చవకైన డిస్కులను అవసరానికి మించి కూర్చిన వరుస అని దాని అర్థం. ఖరీదైన పెద్ద డిస్కు ఒకదానికి బదులు చిన్న డిస్కులు అనేకం కలిపి వాడుకొంటే వేగం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. కాని ఒక చిక్కు. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందని అనుకొంటే, అటువంటివి 100 కలిపిన వరుసలో 300 గంటలకు ఏదో ఒకటి చెడుతుంది. అంటే రెండు వారాలు కూడా గడవదు. ఈ చిక్కుకు వారు చూపిన మార్గాలలో మొదటిది ప్రతిబింబం. దానినే రైడ్ ఒకటి అంటారు. ఆ లెక్క నూరు డిస్కులకు సంబంధించినదైనా, ఒక్క డిస్కు గలవాని గుండెలో కూడా గుబులు పుట్టిస్తుంది.

రైడ్ ఒకటి పనిచేసే తీరు మిక్కిలి సులభం. కంప్యూటరుకు రెండు డిస్కులు ఒక్కటిగా కనబడతాయి. వ్రాసేటప్పుడు రెండింటిపైనా వ్రాస్తుంది. చదివేటప్పుడు ఏది ఖాళీగా ఉంటే దానిపై చదువుతుంది. ఒకటి చనిపోతే రెండవదానితో ఆగకుండా పని సాగుతుంది. రెండు వేల రూపాయలు పెట్టి వెయ్యి రూపాయల వస్తువు కొన్నట్లు, రెండు టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టినా మనకు దక్కే చోటు రెండే. అదియు తెరపై 1.8 అని కనిపిస్తుంది. తయారీదారు వేలల్లో లెక్కిస్తాడు, యంత్రం 1,024లలో లెక్కిస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు గాని, దుకాణం నుండి వచ్చిన సాయంత్రం మా అబ్బాకు ఈ సంగతి నచ్చచెప్పడానికి చాలాసేపు పట్టింది.

డిస్కులు కొనడానికి సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాము. అక్కడ మేము రెండు విషయాలలో పట్టుబట్టాము. మొదటిది, రెండు డిస్కులు ఒకే రోజు, ఒకే పెట్టెలో నుండి తీసుకోకూడదని. ఒకే కర్మాగారంలో ఒకే వారంలో తయారై, ఒకే లోపం మోసుకొని వచ్చిన కవలలు ఒకే ఎండాకాలంలో పోవచ్చును. కాబట్టి ఒకటి ఒక దుకాణంలో, వేరొక సంస్థ తయారుచేసినది మరొక దుకాణంలో తీసుకొన్నాము. రెండవది, పళ్లెంపై గీతలను బంగళాపెంకులవలె ఒకదానిపై ఒకటి పరచి వ్రాసే రకం డిస్కు వద్దని. ఆ రకంలో చవకగా ఎక్కువ చోటు దొరుకుతుంది. అయితే ఒక పెంకు మార్చాలంటే పక్క పెంకులు కూడా ఎత్తవలసినట్లు, ఒకచోట తిరిగి వ్రాయాలంటే చుట్టుప్రక్కల కూడా తిరిగి వ్రాయాలి. జంటలో ఒకటి చెడినప్పుడు కొత్త డిస్కు నింపే పని దీనివలన విపరీతంగా ఆలస్యమవుతుంది. ఈ భేదం పెట్టెపై అన్ని వేళల వ్రాసి ఉండదు. నమూనా సంఖ్య చూచి, తయారీదారు ఇచ్చిన పట్టికతో సరిచూచుకోవాలి. దుకాణం కుర్రవాడు, 'భాయ్, ఇన్ని ప్రశ్నలు పెళ్లిచూపుల్లో కూడా అడగరు' అన్నాడు.

జంట కట్టే పనిని మదర్‌బోర్డుపైనున్న రైడ్ సదుపాయానికి అప్పగించడమా, సాఫ్ట్‌వేరుకు అప్పగించడమా అన్నది తరువాతి ప్రశ్న. మదర్‌బోర్డు సదుపాయం చూడటానికి సులువు. కాని ఆ బోర్డు కాలిపోతే డిస్కులను చదవడానికి మళ్లీ అటువంటి బోర్డే వెదకవలసి రావచ్చును. పదేళ్ల తరువాత ఆ బోర్డు ఎక్కడ దొరుకుతుంది? లినక్స్ వ్యవస్థలోని ఎండీ అను భాగం, దానిని నడిపించే ఎండీఆడమ్ అను సాధనం స్వేచ్ఛగా లభించేవి. ఆ పద్ధతిలో కట్టిన జంటను లినక్స్ నడిచే ఏ కంప్యూటరుకు తగిలించినా గుర్తుపడుతుంది. అబ్బా ఆఫీసు నుండి వేలంలో తెచ్చిన పాత కంప్యూటరు ఒకటి మూలపడి ఉంటే దానిపై డెబియన్ వ్యవస్థ ఎక్కించాము. మొత్తం అమరికకు ఆజ్ఞ ఒక్క పంక్తి. జంట పేరు, స్థాయి ఒకటి, డిస్కులు రెండు, ఆ రెండింటి చిరునామాలు – అంతే. ఆ పంక్తి వ్రాసే ముందు చేయవలసిన పనికే ఎక్కువ శ్రద్ధ కావాలి. కంప్యూటరు డిస్కులకు పెట్టుకొనే పేర్లు ప్రతిసారి ఒకటే ఉంటాయన్న నమ్మకం లేదు. అందుచేత ప్రతి డిస్కు వరుస సంఖ్యలోని చివరి నాలుగు అక్షరాలను తెల్లని పట్టీపై వ్రాసి, డిస్కు అంచున అంటించాము. రేపు ఒకటి చెడినప్పుడు, చెడినదానిని వదలి బాగున్నదానిని ఊడదీయకుండా కాపాడేది ఆ పట్టీయే.

ఆజ్ఞ ఇచ్చిన తరువాత రెండు డిస్కులు మొదటిసారి సమానం కావడానికి నాలుగు గంటలు పట్టింది. అప్పుడు ఎండీస్టాట్ అను చిన్న నివేదిక తెరిచి చూస్తే చదరపు కుండలీకరణాలలో ఇంగ్లీషు 'యూ' అక్షరాలు రెండు పక్కపక్కన కనిపించినవి. రెండును సజీవమని దాని భావం. ఒకటి పోతే ఆ చోట క్రిందిగీత మాత్రం మిగులుతుంది. దాదా అబ్బా పుటలు ఇంకా ఎక్కించకముందే, పరీక్ష కోసం కంప్యూటరును ఆపి ఒక డిస్కు తీగ ఊడదీసి మళ్లీ నడిపించాము. అనుకొన్నట్లే ఒక 'యూ', ఒక గీత. ఫైళ్లు తెరుచుకొన్నవి. కొన్ని కొత్తవి కూడా వ్రాశాము. తీగ తిరిగి పెట్టి జంటలో చేర్చితే ఈసారి నాలుగు గంటలు కాదు, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్కడెక్కడ మార్పు జరిగినదో ఎండీ ఒక చిన్న పటంలో గుర్తుపెట్టుకొంటుంది. ఆ భాగాలే సరిచేస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఉపకరించేది కూడా ఆ పటమే. మా వీధి కరెంటు సంగతి తెలిసినవారము గనుక చిన్న యూపీఎస్ కూడా తోడు పెట్టాము. పరీక్షించని రక్షణను నమ్మి నిద్రపోవడం మాకు చేతకాదు.

ఇంతవరకు సంతోషమే. అయితే మా పెద్దన్న ఆ రాత్రే ఒక అభ్యంతరం లేవదీశాడు. 'అద్దం ముందు నిలబడి తల గొరిగించుకొంటే అద్దంలోని వాడికి జుట్టు మిగులుతుందా?' అని అడిగాడు. ప్రతిబింబం మంచిచెడ్డలు ఎంచదు. తుడిచివేయమంటే రెండింటిపైనా తుడిచివేస్తుంది. వైరస్ వస్తే రెండింటికీ వస్తుంది. దొంగ ఎత్తుకుపోయేది రెండు డిస్కులనుగా కాదు, ఒక కంప్యూటరునుగా. నీరు వస్తే ఆ రెండూ ఒకే బల్లపై ఉన్నవి. పీటర్ క్రో అను ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి కలదు: ప్రతులు మూడు ఉండాలి, రెండు రకాల సాధనాలపై ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. జంట డిస్కు ఒక ప్రతి చెడినా పని ఆగకుండా చూస్తుంది. అంతకు మించి అది పూచీ పడదు. ఆ మాట మేము అంగీకరించి, విడి డిస్కు ఒకటి నింపి గుంటూరులో ఉన్న ఫుప్పు ఇంటికి పంపాము. మూడు నెలలకొకసారి ఎవరు అటు వెళ్తే వారు మరొక డిస్కు తీసుకుపోయి, పాతది తిరిగి తేవాలని ఏర్పాటు.

అన్న మాట నిజమో కాదో తేలడానికి ఏడాది పట్టలేదు. 2022లో ఈద్ నాడు ఇల్లంతా బంధువులు. వచ్చిన పిల్లలలో ఒకడు ఆట వెదుకుతూ 1958 నాటి పుస్తకాల సంచికను పట్టుకొని చెత్తబుట్టలో వేసి, బుట్టను కూడా ఖాళీ చేశాడు. రెండు 'యూ'లు చక్కగా అట్లే ఉన్నవి. నివేదికలో ఏ లోపమూ లేదు. జంట తన ధర్మం తాను అక్షరాలా నెరవేర్చింది. పోయినది రెండు డిస్కులపైనా ఒకే క్షణంలో పోయింది. పిల్లవానిని ఎవరూ ఏమీ అనలేదు. గుంటూరు నుండి మా ఫుప్పు కుమారుడు రైలులో ఆ డిస్కు ఒళ్లో పెట్టుకొని వచ్చేవరకు పదకొండు దినాలు దాదీమా ప్రతి నమాజు తరువాత దానిని గురించి దుఆ చేశారు. చిత్రాలన్నీ దొరికినవి. మధ్యకాలంలో మేము చదివి టైపు చేసిన పుటలు ఇరవైకి పైగా దొరకలేదు. అవి మళ్లీ చేసుకొన్నాము. అప్పటి నుండి పాత పుటల చిత్రాలు ఎవరూ మార్చజాలని విధంగా, చదువుటకు మాత్రమే తెరచి ఉంచాము.

సామే పోలిక తెగే చోటు ఇదే. ముందున్న హాఫిజ్ పొరపాటు పలికితే వెనుకనున్నవారు అదే పొరపాటు పలుకరు. వారి కంఠంలో ఉన్నది వేరుగా నేర్చినది. జంట డిస్కులో రెండవది మొదటిదాని నీడ. ఇంకొక సూక్ష్మం ఉన్నది. డిస్కుపై అయస్కాంతపు గుర్తు ఏ చప్పుడూ లేకుండా మారిపోవచ్చును. డెబియన్‌లో ప్రతి నెల మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటిన తరువాత ఎండీ రెండు డిస్కులను మొదటి నుండి చివరి వరకు పోల్చి చూస్తుంది. తేడా ఉంటే ఇన్నిచోట్ల తేడా అని చెబుతుంది. ఏది సరియైనదో మాత్రం చెప్పలేదు. ఇద్దరు సాక్షులు చెరొక మాట చెబితే కాజీ తీర్పు ఏమి చెబుతాడు? సరిచేయమని ఆజ్ఞాపిస్తే ఒకదానిలోనిది తీసి రెండవదానిపై వ్రాస్తుంది, అంతే. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005లో విడుదల చేసిన జడ్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలు ప్రతి ముక్కకు ఒక సరిచూపు సంఖ్య వేరుగా వ్రాసి పెట్టుకొని, దానిని బట్టి తప్పిన ప్రతిని గుర్తుపడతాయి. మా పాత కంప్యూటరుపై మేము ఇంటి తరహాలో అదే పని చేశాము. ప్రతి చిత్రానికి సరిచూపు సంఖ్య గట్టించి, ఆ జాబితాను కాగితంపై అచ్చు తీసి కుట్టించాము. 3,900 పంక్తుల ఆ పుస్తకం చూచి దాదీమా, 'ఇది ఏ భాష?' అని అడిగారు.

2023 మే నెలలో, నడివేసవిలో, ఒక డిస్కు చదువలేని చోట్లు ఎనిమిదని తన ఆరోగ్య నివేదికలో చూపింది. వారానికి అవి ఇరవై నాలుగైనవి. తరువాత ఒక తెల్లవారుజామున ఒక 'యూ' స్థానంలో గీత కనబడింది. పని ఆగలేదు. దాదా అబ్బా పుటలు ఎప్పటివలె తెరుచుకొన్నవి. జంట డిస్కు విలువ ఏమిటో ఆ ఉదయం కళ్లారా చూచాము. కాని అప్పుడు తలెత్తిన సమస్యను గురించి మేము చదివిన ఏ వ్యాసంలోను లేదు. డిస్కుకు వారంటీ ఇంకా మిగిలి ఉన్నది. తిరిగి పంపితే బదులు ఇస్తారు. అయితే డిస్కు చెడినదే గాని పూర్తిగా చావలేదు. దానిపై మా యింటి స్త్రీల పెళ్లి ఫోటోలు, వీడియోలు, ఢోలక్ గీతాలు ఉన్నవి. పరాయి మగవారి కంటబడకుండా అయినవారి మధ్య తీసినవి. ఆ డిస్కు ఎవరి చేతులలోకి వెళ్తుందో, బాగుచేసి మరెవరికి అమ్ముతారో ఎవరికి తెలుసు? వారంటీ కేంద్రం వారు తుడిచివేస్తామని ఫోనులో అన్నారు. వ్రాసి ఇమ్మంటే అటువంటి నియమం లేదన్నారు. ఇంట్లో రెండు రాత్రులు చర్చ జరిగింది. అయిదు వేల పైచిలుకు రూపాయలు ఎందుకు వదులుకోవాలని అబ్బా వాదన. చివరకు అమ్మీ, 'అందులో ఉన్నది మీ ముఖం కాదు' అన్నారు. దానితో చర్చ ముగిసింది. పెద్దన్న డిస్కును డాబాపైకి తీసుకుపోయి, పైమూత విప్పి, పళ్లేలను సుత్తితో వంచి, నాలుగు చోట్ల రంధ్రాలు పొడిచాడు.

కొత్త డిస్కు వచ్చినప్పుడు ఊరకే జంటలో చేర్చకుండా, దానితో ఒంటరిగా కొత్త జంట కట్టి, రెండవ స్థానం ఖాళీ అని ఎండీఆడమ్‌కు చెప్పాము. ఆ సౌకర్యం అందులో ఉన్నది. ఆ జంటపై లుక్స్ అను పద్ధతిలో గూఢలిపి పొర వేసి, పాత డిస్కు నుండి అన్నీ నకలు చేసి, సరిచూపు సంఖ్యలన్నీ కుదిరిన తరువాతనే పాత డిస్కును తుడిచి రెండవ స్థానంలో పెట్టాము. గుంటూరు ప్రతి ఉన్నది గనుక ఆ సాహసం చేయగలిగాము. ఇకముందు డిస్కు ఏది చెడినా నిర్భయంగా తిరిగి పంపవచ్చును. సంకేతపదం తెలియనివారికి అందులో కనిపించేది ఇసుక. అయితే సంకేతపదం మేమే మరచిపోతే మాకూ ఇసుకే మిగులుతుంది. మూడు డిస్కులు, రెండు ఊళ్లు, ఇన్ని జాగ్రత్తలు – అన్నింటికీ తాళం ఒక్క వాక్యం. దానిని కాగితంపై వ్రాసి ఒకటి దాదీమా పాన్‌దాన్ అడుగు అరలో, రెండవది ఫుప్పు దగ్గర ఉంచాము. పాన్‌దాన్‌ను మా యింట మరెవరూ తాకరు.

పుస్తకాలలో ఇప్పటికి 1963 వరకు చదివి టైపు చేయగలిగాము. దాదా అబ్బా చేతివ్రాతను, ముఖ్యంగా ఆ గుర్తులున్న తెలుగు మాటలను, చదివే సాఫ్ట్‌వేరు మాకు దొరకలేదు. మాటల జాబితా ఒక్కటే 2,100 దాటింది. ఉర్దూ, తెలుగు రెండును బోధించే మన కళాశాలలో ఇది ఎవరికైనా పనికివచ్చునని మా ఆశ. అందుచేత ఆ పుటల ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయానికి సమర్పించదలచినాము. కుటుంబ ఫోటోలు, పాటలు అందులో ఉండవు. రోజ్‌నామ్‌చా మాత్రమే, గూఢలిపి లేకుండా. కమిటీవారు అంగీకరించినచో అది నాలుగవ ప్రతి అవుతుంది. తడి తగలని అర ఒకటి, ఏడాదికి ఒకమారు ఆ డిస్కును తగిలించి మా కుట్టిన పుస్తకంలోని సంఖ్యలతో సరిచూచే విద్యార్థి ఒకరు ఉంటే చాలును. ఆ కుట్టిన పుస్తకం రెండవ ప్రతి కూడా సిద్ధం చేశాము.